ఏడాది సాకాలా, ఆరు వారాలు చాలా? కుక్కపిల్లను ఫోస్టర్ చేయాలనుకునే తిరుపతి, చిత్తూరు వాళ్లకు

పెంచుకోవడానికి తెచ్చుకునే కుక్కపిల్ల వేరు, పెంచి ఇచ్చేయడానికి తెచ్చుకునే కుక్కపిల్ల వేరు. ఫోస్టర్ అంటే ఈ రెండోది. అది ఒకనాడు వెళ్లిపోతుందని తెలిసే ఇంటికి తెస్తాం. అందుకే కుక్కలంటే ఎంత ఇష్టమో చూసుకోవడం కంటే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా ఇంట్లో ఎవరుంటారు? చివరికి ఆ కూన ఎక్కడికి పోతుంది? ఈ రెంటికీ ఇంటిల్లిపాదీ ఒకే జవాబు చెప్పగలిగితే ఏ రకం ఫోస్టర్ మీ ఇంటికి కుదురుతుందో దాదాపు తేలినట్టే.

అసిస్టెన్స్ డాగ్ కూన: ఏడాదికి పైబడిన పని

చూపు లేనివాళ్లను నడిపించే గైడ్ డాగ్, చెవులు వినపడనివాళ్లకు కాలింగ్ బెల్ మోగిందని వచ్చి తట్టి చెప్పే కుక్క, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకు కిందపడ్డ తాళాలు తీసిచ్చే కుక్క, ఇవన్నీ అసిస్టెన్స్ డాగ్‌లే. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో ఇలాంటి మొదటి శిక్షణశాల తెరిచారు. కూనను ముందు మామూలు ఇళ్లలో పెంచి, పెద్దయ్యాక శిక్షణకు పంపే పద్ధతి బ్రిటన్‌లో 1956లో మొదలైంది. ఇప్పుడు చాలా దేశాల్లో ఇదే పద్ధతి నడుస్తోంది.

ఈ కుక్కలకు శిక్షణ ఇచ్చే సంస్థ మీకు దాదాపు ఎనిమిది వారాల కూనను ఇస్తుంది. ఎక్కువగా లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, లేదా ఆ రెండింటి సంకరం. పన్నెండు నుంచి పద్దెనిమిది నెలల వయసు వచ్చేదాకా పెంచి తిరిగి ఇవ్వాలి. దారి చూపడం, తలుపు లాగడం లాంటి అసలు విద్య ఆ తర్వాత శిక్షకుల దగ్గర నేర్చుకుంటుంది. మీరు నేర్పేది మర్యాద: పిలిస్తే రావడం, తాడు లాగకుండా నడవడం, చెప్పిన చోటే ఒకటికీ రెంటికీ వెళ్లడం, కిందపడ్డ తిండి ముట్టకపోవడం, గంటసేపు కుర్చీ కింద కదలకుండా పడుకోవడం.

మన ఇళ్లలో ఇది తప్పేది తిండి దగ్గరే. అవ్వ కంచంలోంచి ఒక పెరుగన్నం ముద్ద, వచ్చిన చుట్టం చేతిలో బిస్కెట్టు, పక్కింటి పిల్లాడి చిప్స్. ఒక్కసారి కంచం దగ్గర ముద్ద దొరికితే ఆ కూన ప్రతి కంచం ముందూ కూర్చుంటుంది. రేపు చూపు లేని మనిషిని హోటల్లోకి నడిపించాల్సిన కుక్క, పక్క బల్ల కింద పడిన ఇడ్లీ ముక్క కోసం ఒక్క అడుగు పక్కకు లాగితే ఆ మనిషి తూలి పడతాడు. ఇంట్లో ఒక్కరు మాట వినకపోయినా మిగతావాళ్లు పడ్డ కష్టమంతా నీళ్లపాలే. కాబట్టి ఇంటి పెద్దవాళ్లు ఒప్పుకోకుండా ఈ పనికి దిగవద్దు.

మాటల సంగతీ అంతే. నాన్న "రా" అంటే, పిల్లలు "కమ్" అంటే, అమ్మ పేరు పెట్టి పిలిస్తే కూనకు మూడూ అర్థం కావు. శిక్షకులు ఏ భాషలో ఏ మాట వాడతారో మొదటి రోజే అడిగి, కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. అందరూ అదే మాట, అదే తీరులో అనాలి.

జనంలో అలవాటు చేయడం ఎలాగో చూడండి. మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా చూసినవాటిని కూన మామూలు సంగతులుగా తీసుకుంటుంది. ఆ వయసు దాటాక కొత్తది ఏది కనిపించినా ముందు భయమే. టీకాలు పూర్తికాకుండా వీధిలో నేల మీద దించకూడదు, అలాగని ఇంట్లో దాచిపెట్టకూడదు కూడా. అందుకని ఎత్తుకునే తీసుకెళ్లాలి. తిరుపతి ఆర్టీసీ బస్టాండు బయట, రోడ్డుకు ఇవతల, పొద్దున రద్దీ లేని వేళ పది నిమిషాలు నిలబడండి. బస్సు ఎయిర్ బ్రేకు బుస్సుమన్నప్పుడు కూన చెవులు, తోక చూడండి. చెవులు నిక్కబొడుచుకుని చూస్తే మంచిదే, ఒక గింజ తిండి నోటికివ్వండి. తోక కాళ్ల మధ్యకు పోయి, మీ చంకలో తల దూర్చి, ఇచ్చిన తిండి కూడా తీసుకోకపోతే మీరు మరీ దగ్గరికి వెళ్లారన్న మాట. ఇరవై అడుగులు వెనక్కి రండి. ఇంకో రోజు మళ్లీ. గంగమ్మ జాతర డప్పులు, బ్రహ్మోత్సవాల జనం, దీపావళి టపాకాయల మధ్యకు "అలవాటవుతుంది" అని నేరుగా తీసుకెళ్లడం వల్ల అలవాటు కాదు, ఆ భయం జన్మంతా ఉండిపోతుంది.

మన వీధుల్లో ఇంకో చిక్కు ఉంది. నాలుగైదు నెలల కూనను తాడుతో నడిపిస్తుంటే వీధి కుక్కలు గుంపుగా మీదికి వస్తాయి. అలా ఒకటి రెండుసార్లు గట్టిగా జరిగితే చాలు, తర్వాత ఏ కుక్క కనిపించినా వణికే కుక్క అవుతుంది, ఇక అది ఈ పనికి పనికిరాదు. నడిచే దారిని ముందు మీరొక్కరే నడిచి, ఏ మలుపులో ఏ గుంపు ఉంటుందో చూసుకోండి. ఎండాకాలంలో పొద్దున ఆరున్నరలోపు, రాత్రి ఏడు దాటాకే బయటికి. అరచేతి వెనుక భాగాన్ని ఏడు సెకన్లు రోడ్డు మీద పెట్టలేకపోతే కూన పాదాలు కూడా కాలుతాయి.

దీనికి ఒప్పుకునే ముందు సంస్థను ఒకే మాట అడగండి: మీ శిక్షకులు మా ఊరికి నెలకోసారైనా వచ్చి చూస్తారా? రాలేమంటే, ఎంత మంచి సంస్థ అయినా ఒప్పుకోవద్దు. ఎనిమిదో నెలలో కూన తాడు లాగడం మొదలుపెడితే ఫోన్‌లో విని సరిచేసేది కాదు అది. మంచి మనసుతో చాలామంది అనుకునే ఇంకో ఆలోచన: ఒక లాబ్రడార్ కూనను కొని, మనమే పెంచి, చూపు లేనివాళ్లకు ఇద్దామని. ఇది దాదాపుగా కుదరదు. తల్లిదండ్రుల కీళ్లు, కళ్లు, స్వభావం చూసి సంస్థలు తమ కూనలను తామే పుట్టిస్తాయి. అంత ఎంచినా అన్నీ చివరిదాకా నెగ్గవు. నెగ్గని కుక్కను చాలా సంస్థలు పెంచిన ఇంటికే ముందు అడిగి ఇస్తాయి, అందుకు సిద్ధమా అని కూడా ముందే అనుకోవాలి. బ్రిటన్‌లో, అమెరికాలో ఉంటున్న మనవాళ్లకు ఈ దారి మనకంటే సులువు. అక్కడ శిక్షకులు దగ్గర్లో ఉంటారు. బ్రిటన్‌లో గైడ్ డాగ్స్ సంస్థ తిండి, వైద్యం ఖర్చు తనే పెట్టుకుంటుంది. అమెరికాలో ఇది సంస్థను బట్టి మారుతుంది.

కళ్లు తెరవని కూనలు: మూడు నాలుగు వారాలు, నిద్ర లేకుండా

వీధిలో కూనలు ఒంటరిగా కనిపించగానే ఎత్తుకొచ్చేయడం మొదటి పొరపాటు. తల్లి తిండి కోసం పోయి ఉంటుంది. ఎండ, వాన, వాహనాల ప్రమాదం లేకపోతే దూరంగా నిలబడి కొన్ని గంటలు చూడండి. తల్లి బతికి ఉంటే తల్లినీ కూనలనూ కలిపి ఒక గదిలో ఉంచడం అన్నిటికంటే మంచిది. పాలిచ్చేది, నాకి శుభ్రం చేసేది, వెచ్చగా ఉంచేది అదే. మీరు దానికి మామూలుకు రెండు మూడింతలు తిండి, ఎప్పుడూ నీళ్లు పెడితే చాలు.

తల్లి లేనే లేదని తేలితేనే సీసా పాలు. ఇక్కడ ప్రాణాలు పోయేది ఎక్కువగా రెండు కారణాల వల్ల: చలిపట్టిన కూనకు పాలు పట్టడం, వెల్లకిలా పడుకోబెట్టి పాలు పట్టడం. మొదటి వారంలో కూన తన ఒంటిని తాను వెచ్చగా ఉంచుకోలేదు. ఒళ్లు 35 డిగ్రీల కంటే చల్లబడితే పేగులు కదలవు, పట్టిన పాలు లోపలే నిలిచిపోతాయి. నోట్లో వేలు పెడితే చల్లగా తగిలిందా, పాలు పక్కన పెట్టండి. వేడినీళ్ల సీసాను పాత లుంగీలో చుట్టి అట్టపెట్టెలో ఒక పక్కనే పెట్టండి, వేడెక్కువైతే రెండో పక్కకు జరగడానికి చోటుండాలి. గంట, రెండు గంటలు పట్టినా సరే, ఒళ్లు వెచ్చబడ్డాకే పాలు. ఇది డిసెంబర్ రాత్రుల మాట. మే నెలలో తిరుపతి గదిలో సమస్య తిరగబడుతుంది. మొదటి వారం పెట్టె లోపల 29 నుంచి 32 డిగ్రీలు సరిపోతుంది. గది అంతకంటే వేడిగా ఉంటే సీసా తీసేసి, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా చూసుకోవాలి.

ఆవుపాలు సరిపోవు. కుక్క పాలతో పోలిస్తే ఆవుపాలలో కొవ్వు, మాంసకృత్తులు సగం కంటే తక్కువ, పాలచక్కెర ఎక్కువ. విరేచనాలు పట్టుకుని ఒకటి రెండు రోజుల్లో కూన ఎండిపోతుంది. మందుల షాపుల్లో, పెట్ షాపుల్లో దొరికే కూనల పాలపొడి డబ్బా కొనాలి. 300 గ్రాముల కూనకు ఒక పూట 8 నుంచి 10 మి.లీ. 12 దాటించవద్దు. మొదటి వారం రెండు మూడు గంటలకోసారి, రాత్రిళ్లు కూడా. మూడో వారానికి నాలుగైదు గంటలకోసారి. కూన బోర్లా, తల కొంచెం పైకెత్తి, తల్లి దగ్గర తాగినట్టే ఉండాలి. ముక్కులోంచి పాల బుడగ వచ్చిందంటే ఊపిరితిత్తుల్లోకి పోయినట్టే. తల కిందికి వంచి తుడిచి, ఆ రోజే వైద్యుడికి చూపించండి. పాలు పట్టిన ప్రతిసారీ గోరువెచ్చని తడి దూదితో కింద మెల్లగా రుద్దాలి, లేకపోతే ఒంటికి పోసుకోలేవు. రోజూ ఒకే వేళకు వంటింటి డిజిటల్ తూకం మీద పెట్టి గ్రాములు రాయండి. రోజుకు 5 నుంచి 10 శాతం పెరగాలి. ఒక రోజంతా పెరగకపోతే ఇంకో రోజు చూద్దామనుకోవద్దు.

ఇద్దరు పెద్దవాళ్లు వంతులవారీగా లేవగలిగిన ఇల్లయితేనే ఇది. ఉద్యోగానికి వెళ్లే ఒంటరి మనిషి చేయగల పని కాదు.

నాలుగు నుంచి పది వారాల కూనలు

చాలా ఇళ్లకు మేం ముందు చెప్పేది ఇదే. కళ్లు తెరిచి, పళ్లొచ్చి, తమంతట తాము తినగలిగిన కూనలు. రోజుకు నాలుగు పూటలా కొంచెం కొంచెం తిండి, నేల కడగడం, ఆటలు, మనుషుల చేతులకు అలవాటు చేయడం. ఎనిమిది వారాలు నిండాక, కనీసం ఒక టీకా పడ్డాక పెంచుకునేవాళ్లకు ఇవ్వాలి. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నియమాల్లోనూ ఎనిమిది వారాల లోపు కూనలను అమ్మకూడదనే ఉంది. అమ్మకపోయినా ఇవ్వడానికీ అదే వయసు మేలు. తోబుట్టువులతో ఆడి, ఎంత గట్టిగా కొరికితే ఎదుటిది కుయ్యిమంటుందో తెలుసుకునే వారాలు అవి.

ఇక్కడ భయపడాల్సింది పార్వో అనే వైరస్ జబ్బు గురించి. తిండి మానేయడం, వాంతులు, ఆ తర్వాత దుర్వాసనతో నెత్తుటి విరేచనాలు. ఇది సోకిన మూడు నుంచి ఏడు రోజుల్లో బయటపడుతుంది, కాబట్టి తెచ్చినప్పుడు హుషారుగా ఉన్న కూన ఐదో రోజున పడిపోవచ్చు. అందుకే కొత్త కూనలను రెండు వారాలు విడిగా, కడగడానికి వీలైన నేల మీద ఉంచాలి. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. ఫినాయిల్‌ను నమ్ముకోవద్దు. ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి ముప్పై వంతుల నీళ్లు కలిపి, ముందు మలినం కడిగేసి, ఆ తర్వాత పోసి పది నిమిషాలు ఉంచాలి. మీ పెరట్లో ఏడాది లోపు పార్వోతో కూన చనిపోయి ఉంటే టీకాలు పడని కూనలను తేవద్దు. తెస్తే తెలిసి చంపినట్టే.

టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలై, రెండు నుంచి నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా. రేబిస్ టీకా మూడు నెలలకు. నులిపురుగుల మందు రెండో వారం నుంచి రెండు వారాలకోసారి, బరువు తూచి వైద్యుడు చెప్పినంతే. ఏలిక పాముల గుడ్లు చిన్నపిల్లల చేతుల ద్వారా నోట్లోకి పోతాయి, కాబట్టి కూనలను పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగించండి. పిడుదులకు పశువుల మీద చల్లే మందును కూన మీద వాడొద్దు, ఆ మోతాదుకు పసివి తట్టుకోలేవు.

మన ప్రాంతంలో గుర్తుంచుకోవాల్సినవి ఇంకో మూడు. తిరుమల లడ్డూలో ఎండుద్రాక్ష ఉంటుంది, అది కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తుంది. ప్రసాదం కదా అని నోట్లో పెట్టవద్దు. చిత్తూరు వైపు మామిడికాయల కాలంలో టెంకలు కూనలకు అందకుండా చూడండి, మింగితే పేగులో అడ్డుపడి ఆపరేషన్ దాకా పోతుంది. అలిపిరి, కపిలతీర్థం, యూనివర్సిటీల వైపు కొండ అంచున ఉన్న ఇళ్లలో రాత్రి కూనలను వరండాలోనూ, డాబా మీదా వదలొద్దు. చిరుతలు కుక్కల కోసం ఇళ్ల దాకా వస్తాయి.

దెబ్బతిన్న కుక్క, ఆపరేషన్ అయిన కుక్క

చెప్పాల్సింది తక్కువే. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయితే కుట్లు మానడానికి పది నుంచి పద్నాలుగు రోజులు, విరిగిన కాలైతే ఆరు నుంచి ఎనిమిది వారాలు. కుట్లు నాకకుండా మెడకు గరాటులాంటి కోన్, కదలకుండా చిన్న చోటు, వేళకు మందు. నొప్పిలో ఉన్న కుక్క కరుస్తుంది, అది దాని తప్పు కాదు. నొప్పికని మన పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ ఇవ్వవద్దు. ఈ కుక్క చివరికి తన వీధికే తిరిగి వెళ్తుంది, జంతువుల జనన నియంత్రణ నియమాలు చెప్పేదీ అదే. కొందరికి తిరిగి వదలడం భరించలేనంత బాధ. అలాంటివాళ్లు ఈ పని ఎంచుకోవద్దు. టీకాలు పడని కూనలున్న ఇంటికీ దీన్ని తేవద్దు.

వీటన్నిటి కంటే చిన్నది సెలవు ఫోస్టర్: వేరే ఫోస్టర్ ఊరికి వెళ్లినప్పుడు మూడు నాలుగు రోజులు చూసుకోవడం. మొదటిసారి చేసేవాళ్లు ఇక్కడ మొదలుపెడితే ఇంట్లో ఎవరు నిజంగా నిద్ర లేస్తారో, ఎవరు మాటలతోనే సరిపెడతారో తెలిసిపోతుంది.

ఎవరికి ఏది

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంటికి అసిస్టెన్స్ డాగ్ కూన వద్దు. ఎనిమిది వారాల కూనను రెండు గంటలకు మించి ఒంటరిగా ఉంచకూడదు. రిటైరైన దంపతులు, ఇంటి నుంచే పనిచేసేవాళ్లు, సొంత ఇల్లు, ఇంట్లో ఏడేళ్ల పైబడిన పిల్లలు: దానికి తగిన ఇల్లు అది. మూడో అంతస్తులో లిఫ్టు లేకుండా ఉంటున్నవాళ్లు ఏడాది పైబడిన లాబ్రడార్ ముప్పై కిలోలదాకా తూగుతుందని గుర్తుంచుకోవాలి. అద్దె ఇల్లయితే ఇంటి యజమాని మాట ముందు. నోటి మాట చాలదు, వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. నెల మధ్యలో కుక్కను పంపేయమంటే నష్టపోయేది కూన.

ఊరి దూరం కూడా లెక్కే. తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది, దాని ఆసుపత్రి దగ్గర్లో ఉండడం పసికూనలు సాకేవాళ్లకు పెద్ద అండ. చిత్తూరు నుంచి అక్కడికి డెబ్బై కిలోమీటర్ల దారి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనం ప్రధానంగా పాడి పశువుల కోసం. కాబట్టి చిత్తూరు, పలమనేరు పల్లెల్లో ఉన్నవాళ్లు సీసా పాల కూనల కంటే పెరిగిన కూనలనో, తల్లితో ఉన్న కూనలనో తీసుకోవడం మంచిది. రాత్రి పన్నెండు గంటలకు ఫోన్ ఎత్తే వైద్యుడి నంబరు ఒకటి చేతిలో లేకుండా ఏ కూననూ తేవద్దు.

గర్భిణులు, ఏడాది లోపు పసిబిడ్డ ఉన్న ఇంటికి ఈ ఏడాది ఏదీ వద్దు.

మాట ఇచ్చే ముందు

వైద్యం ఖర్చు ఎవరిది, పెంచుకునేవాళ్లు దొరక్కపోతే ఎన్నాళ్లకు కూనను వెనక్కి తీసుకుంటారు, ఆపరేషన్‌కు సంతకం ఎవరు పెడతారు, ఈ మూడూ కాగితం మీద ఉండాలి. రెండోది లేకపోతే ఆరు వారాలని తెచ్చుకున్నది పద్నాలుగేళ్లు ఉండిపోతుంది, అలా ఉండిపోయాక ఆ ఇల్లు మళ్లీ ఫోస్టర్ చేయలేదు.

కూనలు సాకే ప్రతి ఒక్కరూ ముందుజాగ్రత్త రేబిస్ టీకాలు వేయించుకోవాలి. కూన పన్ను గీసుకున్నా, చిన్నదే కదా అని వదలొద్దు, కూనలకూ రేబిస్ వస్తుంది. కొళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు గడియారం చూసి కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ముందు టీకాలు వేయించుకున్నామని ఇల్లు కదలకుండా కూర్చోవద్దు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ టీకా ఉచితం. కారం, పసుపు, సున్నం ఏదీ పూయవద్దు.

ఇచ్చే రోజున కూనతో పాటు వారం రోజులకు సరిపడా అదే తిండి, టీకాల కార్డు, అది పడుకున్న గుడ్డ ఉతక్కుండా పంపండి. ఆ వాసన ఉంటే కొత్త ఇంట్లో మొదటి రాత్రి ఏడుపు తగ్గుతుంది. ఉన్నట్టుండి తిండి మారిస్తే విరేచనాలు పట్టుకుని, కొత్తవాళ్లు జబ్బు కూనను ఇచ్చారనుకుంటారు. ఏ వేళకు తింటుంది, ఏ మాటకు బయటికి వెళ్తుంది, దేనికి భయపడుతుంది అని ఒక పేజీ రాసివ్వండి. ఇంటికొచ్చాక పెట్టెలు, గిన్నెలు, నేల బ్లీచ్ నీళ్లతో కడిగి, గుడ్డలు ఎండలో ఆరేసి, రెండు వారాలు గది ఖాళీగా ఉంచండి. ఆ రెండు వారాలూ మీరు కంటినిండా నిద్రపోండి, తర్వాతి కూన వచ్చేలోపు.